కోర్టు వెనక కుర్చీ

టీవీలో బ్యాడ్మింటన్ చూసేవాళ్ళకి ఈ దృశ్యం బాగా అలవాటే. ఎవరో ఒకరి స్కోరు 11కి చేరగానే ఆట ఆగుతుంది. ఆటగాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నీళ్ళ సీసా మూత తీస్తుంటాడు. కోర్టు వెనక కుర్చీలో ఉన్న కోచ్ లేచొచ్చి, చేతులు తిప్పుతూ గబగబా ఏదో చెప్తుంటాడు. కెమెరా ఇద్దరి మొహాల దగ్గరకీ వెళ్తుంది. తర్వాత ఆట మలుపు తిరిగిందా, "విరామంలో కోచ్ ఏం చెప్పాడో గానీ..." అంటాడు వ్యాఖ్యాత. తిరగలేదా, ఆ నిమిషం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తరు.

నాకీ లెక్క ఎప్పుడూ నచ్చదు. గెలిస్తే కోచ్ మాట పనిచేసినట్టు, ఓడితే అసలా మాట అన్నట్టే గుర్తుండకపోవడం. ఇలాంటి కొలమానంతో మా ఆఫీసులో ఎవడన్నా రిపోర్టు పట్టుకొస్తే వెనక్కి పంపేస్తాం. ఆట జరుగుతుండగా కోచ్ నిజంగా ఏం చేస్తాడు? ఏం చెయ్యగలడు?

ఈ తగువు ఎక్కువగా నడిచేది బాస్కెట్‌బాల్ గురించి. ఎందుకంటే అక్కడ కోచ్ కుదురుగా కూర్చోడు. గీత పక్కన నుంచుని అరుస్తూనే ఉంటాడు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆట నలభై నిమిషాలు. జట్టుకి మొదటి సగంలో 2, రెండో సగంలో 3 టైమవుట్లు, ఒక్కోటీ ఒక నిమిషం. అవి అడిగే హక్కు బెంచీ మీదున్న కోచ్ వైపువాళ్ళదే, చెమటోడుస్తున్న ఆటగాడికి లేదు. మనుషుల్ని ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు మార్చొచ్చు. ఇన్ని మీటలు చేతిలో ఉన్న కోచ్ ఇంకే ఆటలోనూ కనబడడు. చదరంగం ఆడేవాడిలాగా ఆయనే ఆడిస్తున్నాడని చూసేవాళ్ళకి అనిపించడంలో వింతేం లేదు.

అయితే ఈ ఆటని కనిపెట్టిన మనిషి ఉద్దేశం ఇది కానే కాదు. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ పదమూడు నియమాలు రాసి గోడకి అంటించాడు. ఆ పదమూడింట్లో రిఫరీ ఉన్నాడు, అంపైర్ ఉన్నాడు. కోచ్ అన్న మాటే లేదు. నైస్మిత్ దృష్టిలో ఆట అంటే కుర్రాళ్ళు ఎవరి బుర్ర వాళ్ళు వాడుకోవడం నేర్చుకునే చోటు. పక్కనుంచి ఇంకొకడు బుర్ర అరువిస్తే ఇంకేం నేర్చుకున్నట్టు? 1898లో ఆయన కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడి జట్టుకి తొలి కోచ్ అయ్యాడు. మొత్తం మీద గెలిచినవి 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆ ఆటని పుట్టించినవాడొక్కడే. ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్ మాత్రం కోచింగ్‌నే వృత్తిగా మలిచి, అదే కాన్సాస్‌లో 590 ఆటలు గెలిపించాడు. గురువుగారి సిద్ధాంతాన్ని శిష్యుడే తలకిందులు చేశాడన్నమాట.

నైస్మిత్ మాట చాలాకాలం చట్టంగా కూడా నిలబడింది. 1910 నుంచి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఆట నడుస్తుండగా కోచింగ్ నిషిద్ధం. మొదటిసారి దొరికితే హెచ్చరిక, మళ్ళీ దొరికితే అవతలి జట్టుకి ఫ్రీ త్రో. టైమవుట్‌లో ఆటగాళ్ళతో కోచ్ మాట్లాడొచ్చు అని ఒప్పుకున్నది 1948-49 సీజన్‌లో. అంటే ఇవాళ మనం ఆటలో భాగం అనుకుంటున్న ఆ గుంపు, ఆ పలక మీద గీతలు, ఆ కేకలు, ఇవన్నీ బాస్కెట్‌బాల్ పుట్టిన యాభై ఏడేళ్ళకి చేరినవి. టెన్నిస్ ఇంకా మొండికేసింది. 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో గ్యాలరీలోంచి కోచ్ సైగ చేశాడని సెరెనా విలియమ్స్‌కి పడిన హెచ్చరికతో మొదలై ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. చివరికి టెన్నిస్ కూడా 2025 నుంచి నియమాన్ని సడలించింది. ఎలాగూ అందరూ దొంగచాటుగా చేస్తున్నదే కదా, బాహాటంగా చెయ్యనిద్దాం అన్న ధోరణి అది. దానికి తోడు కోచ్ మొహం టీవీకి మంచి బొమ్మ.

ఇక కోచ్ మాటకి ఫలితం ఉందా అన్న ప్రశ్న. దీనికి అడ్డొచ్చే ఉచ్చు ఒకటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ 1960ల్లో ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులకి పాఠం చెప్తూ, తిట్టడం కన్నా మెచ్చుకోవడం మేలు అన్నాడు. ఒక అనుభవజ్ఞుడు లేచి ఒప్పుకోనన్నాడు. బాగా నడిపాడని మెచ్చుకుంటే మర్నాడు తప్పకుండా చెడగొడతాడు, చెత్తగా నడిపాడని తిడితే మర్నాడు బాగుపడతాడు, ఇది నేను కళ్ళతో చూసింది అన్నాడు. చూసింది నిజమే. కానీ మామూలుకన్నా బాగా చేసినవాడు తర్వాతిసారి తన మామూలుకి దిగుతాడు, మామూలుకన్నా ఘోరంగా చేసినవాడు తన మామూలుకి ఎక్కుతాడు. తిట్టినా, మెచ్చుకున్నా, నోరు మూసుకున్నా అంతే. బాస్కెట్‌బాల్ కోచ్ టైమవుట్ ఎప్పుడు అడుగుతాడు? అవతలివాళ్ళు వరసగా పది పాయింట్లు కొట్టేసినప్పుడు. వరసగా పది కొట్టడం రోజూ జరిగేది కాదు, దానంతటదే ఆగిపోతుంది. అది ఆగే ముందు కోచ్ టైమవుట్ అడిగాడు, అంతే. పదకొండు టైటిళ్ళు గెలిచిన ఎన్‌బీఏ కోచ్ ఫిల్ జాక్సన్‌కి, తన జట్టు చితికిపోతున్నా టైమవుట్ అడక్కుండా కూర్చుంటాడని పేరు. మీరే తేల్చుకోండి అన్నట్టుండేది ఆ వాలకం. నైస్మిత్ ఉంటే మెచ్చుకునేవాడు.

ఇక్కడే నాకు బ్యాడ్మింటన్ ముచ్చటేస్తుంది. ఇందులో విరామం కోచ్ కోరితే రాదు. స్కోరు 11కి వచ్చినప్పుడు అరవై సెకన్లు, గేముకీ గేముకీ మధ్య నూట ఇరవై సెకన్లు. గెలుస్తున్నా వస్తుంది, ఓడుతున్నా వస్తుంది, ఊపు మీదున్నప్పుడు కాళ్ళకి అడ్డంగా కూడా వస్తుంది. వెనకబడ్డవాడంటూ ఒకడు ఎప్పుడూ ఉంటాడు కాబట్టి కానమన్ చెప్పిన భ్రమ పూర్తిగా పోదు. కానీ కనీసం ఆ ఘడియని ఎంచుకున్నందుకు కోచ్‌కి మార్కులెయ్యక్కర్లేదు.

లెక్క చూద్దాం. మూడు గేముల మ్యాచ్‌లో మూడు అరవైలు, రెండు నూట ఇరవైలు. మొత్తం 420 సెకన్లు, ఏడు నిమిషాలు. ఇందులో ప్రతిసారీ ఇరవై సెకన్లు మిగిలుండగా అంపైర్ పిలుస్తాడు, కోచ్ వెనక్కి వెళ్ళిపోవాలి. మిగిలింది 320. అందులో నడిచి రావడం, నీళ్ళు, తువ్వాలు, ఊపిరి అందడం. నిజంగా చెవిలో పడే మాటలకి మిగిలేది మూడు నిమిషాలుంటే గొప్ప. మధ్యలో కాక్ కోర్టులో లేనప్పుడు కుర్చీలోంచి ఓ మాట అనొచ్చు. కాక్ గాల్లో ఉన్నంతసేపూ నోరు మెదపకూడదు. 2006లో 21 పాయింట్ల పద్ధతి రాకముందు, 15 పాయింట్ల కాలంలో, విరామాల్లో తప్ప సలహా అందుకోవడానికే వీల్లేదు. 2001 మార్చిలో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించింది ఆ రోజుల్లోనే. పాయింటు పాయింటుకీ వెనక్కి తిరిగి కుర్చీ వైపు చూసే అలవాటు ఆ తరానికి లేదు.

ఆ మూడు నిమిషాల్లో ఏం చెప్పొచ్చో తేల్చడానికి ఒక మ్యాచ్ తీసుకుందాం. 2022 మే 15, బ్యాంకాక్, థామస్ కప్ ఫైనల్, ప్రత్యర్థి ఇండోనేసియా. భారత్ అంతకుముందెన్నడూ ఫైనల్‌కి చేరలేదు. ఇండోనేసియా పద్నాలుగుసార్లు గెలిచిన జట్టు. మొదట లక్ష్య సేన్ గెలిచాడు. రెండోది డబుల్స్, అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టి. మూడోది కిడాంబి శ్రీకాంత్, పుట్టింది రావులపాలెంలో. కోనసీమ జిల్లా పుట్టి అప్పటికి నెలన్నర కూడా కాలేదు. ఫైనల్లో గెలిచిన మూడు మ్యాచ్‌ల్లో రెండింట్లో ఆ జిల్లా మట్టి ఉంది. (మాది కె.గంగవరం. గోదారికి ఇవతలి ఒడ్డున ఉన్న మమ్మల్ని కోనసీమవాళ్ళంటే ముక్తేశ్వరం వైపువాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్నదే కోనసీమ, మీరు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి దిగాక మాట్లాడండి అంటారు. జీవో ప్రకారం మాత్రం మేమూ ఆ జిల్లానే. ఆ రోజు జీవో పక్షానే నిలబడ్డాను.)

డబుల్స్‌లో మొదటి గేమ్ 18-21తో పోయింది. రెండో గేమ్‌లో అహ్సాన్, కెవిన్ జోడీకి నాలుగు మ్యాచ్ పాయింట్లు దొరికాయి. నాలుగూ కాచుకుని మనవాళ్ళు 23-21తో గేమ్ తీశారు. మూడోది 21-19. ఆ నాలుగు పాయింట్లలో ఏ ఒక్కటి పోయినా మ్యాచ్ అక్కడితో సరి. ఆ ఘడియలో కోచ్ ఏం చేశాడు? ఏమీ చెయ్యలేడు. విరామం 11 దగ్గరే అయిపోయింది. నియమం అతన్ని కుర్చీకి కట్టేసింది. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఓ కేక, ఓ చప్పట్లు. మ్యాచ్‌లో అన్నిటికన్నా ఖరీదైన రెండు నిమిషాలు కోచ్ అందుబాటులో లేని నిమిషాలు. ఇది ఒక్క మ్యాచ్‌కి సంబంధించిన విషయం కాదు, ఆట కట్టుబడే అలాంటిది. చివర్లో విరామం ఉండదు.

మరి ఆ నాలుగు పాయింట్లూ కాచినదెవరు? ఆడిన ఇద్దరే. కానీ ఆ ఇద్దరూ ఒక జోడీగా అక్కడ నిలబడి ఉండటం మాత్రం ఒక కోచ్ పని. ఆయన ఆ కుర్చీలో లేడు, మూడేళ్ళ కిందటే దేశం వదిలి వెళ్ళిపోయాడు. మలేసియాకి చెందిన టాన్ కిమ్ హర్ 2015లో భారత డబుల్స్ కోచ్‌గా వచ్చాడు. సాత్విక్, చిరాగ్ ఇద్దరూ అప్పటికి కుర్రాళ్ళు, వేరే వేరే భాగస్వాములతో ఆడేవాళ్ళు, ఇద్దరూ వెనకనుంచి స్మాష్ కొట్టే బాపతే. డబుల్స్‌లో సామాన్యంగా ఒకడు వెనక కొట్టేవాడు, ఒకడు ముందు నెట్ దగ్గర కాచేవాడు ఉండాలి. ఇద్దరు కొట్టేవాళ్ళని ఒక జట్టు చెయ్యడమంటే ఇంట్లో ఇద్దరు వంటవాళ్ళని పెట్టి వడ్డించేవాణ్ణి మర్చిపోయినట్టు. కుర్రాళ్ళకే అది వింతగా అనిపించింది. టాన్ పట్టు విడవలేదు. చిరాగ్ ముందుకి జరగడం నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి, ఎటునుంచైనా దెబ్బ పడే జోడీ తయారైంది. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో కొలిచిన సాత్విక్ స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. ఆ చెయ్యికి తగ్గ చోటు కోర్టులో ఎక్కడో తేల్చింది మాత్రం టాన్ నిర్ణయం.

శ్రీకాంత్‌ది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అతను మొదట డబుల్స్ ఆటగాడు. 2011 కామన్‌వెల్త్ యువజన క్రీడల్లో పతకాలు తెచ్చింది డబుల్స్, మిక్స్‌డ్‌లో. నువ్వు సింగిల్స్ ఆడు అని తిప్పింది గోపీచంద్. 2014లో చైనాలో చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్ మీద గెలిచాడు, 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు. బ్యాంకాక్‌లో మూడో మ్యాచ్‌గా జొనాథన్ క్రిస్టీ మీద 21-15, 23-21తో కప్పు ఖాయం చేశాడు. పదేళ్ళ కింద గచ్చిబౌలిలో తీసుకున్న నిర్ణయం ఆ సాయంత్రం పాయింట్లుగా మారింది. నిర్ణయం తీసుకున్న రోజున దాన్ని చూపించడానికి ఏ కెమెరా లేదు.

మన దగ్గర ఇలాంటి కోచ్‌లలో అందరికన్నా పాతవాడు, నా దృష్టిలో పెద్దవాడు, హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది ఆయన చేతికిందే. కుర్రాళ్ళకి ఆయన పెట్టిన పోటీల్లో ఒకటి నాకెంతో ఇష్టం. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలి. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. ఇది పోటీ పేరు పెట్టుకున్న పాఠం. మ్యాచ్ మధ్యలో "ఎడమకాలితో కొట్టరా" అని గీత పక్కనుంచి ఎంత అరిచినా వచ్చేది కాదు అది.

1962 జకార్తా ఆసియా క్రీడలు. థాయిలాండ్‌తో ఆడుతుండగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తలతో బంతిని ఎదుర్కోవడమే పనిగా ఉండే వెనక వరసలో అతన్ని పెట్టడం కష్టం. పక్కన కూర్చోబెట్టడం తేలిక. రహీమ్ అతన్ని ముందుకి పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2, జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్లో, సెప్టెంబరు 4న, దక్షిణ కొరియా మీద 2-1. పి.కె. బెనర్జీది ఒకటి, జర్నైల్‌ది ఒకటి. అదే కొరియాతో మొదటి రౌండులో 0-2తో ఓడి ఉన్నాం. ఇదంతా ఆటకి ముందు జరిగిన పని. ఆ కాలంలో ఫుట్‌బాల్‌లో మధ్యలో మనుషుల్ని మార్చడం అన్నది కోచ్ చేతిలో ఆయుధమే కాదు. ప్రపంచకప్‌లోకి ఆ వీలు వచ్చింది 1970లో. రహీమ్‌కి ఉన్నదల్లా పదకొండు పేర్లు రాసే చీటీ. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్‌లో, కాన్సర్‌తో పోయాడు. ఆయన మీద 2024లో 'మైదాన్' వచ్చింది. సినిమాలకి ఒక ఇబ్బంది ఉంది. చీటీ రాయడాన్ని చూపిస్తే టికెట్లు తెగవు. అందుకే మన తెర మీద కోచ్ అంటే విరామంలో కళ్ళు ఎర్రచేసి మాట్లాడేవాడు. 'చక్ దే ఇండియా' 2007 నుంచి దేశంలో ప్రతి మేనేజరూ ఆ బాణీలోనే స్లైడ్లు మొదలుపెడుతున్నాడు.

ఇంతవరకూ చదివినవాళ్ళు, అయితే ఆటలో కోచ్ దండగ అంటున్నావా అని అడగొచ్చు. అనటం లేదు. చిన్నదే అయినా ఒక అసలైన పని ఉంది, దానికి మన దగ్గర ఎప్పట్నుంచో ఒక పేరుంది. పద్యనాటకాల్లో తెర పక్కన ప్రాంప్టరు ఉంటాడు. కృష్ణుడి వేషగాడు సభలో నుంచుని ఒక్క క్షణం తడబడితే, తర్వాతి పద్యం మొదటి ముక్క అందిస్తాడు. అంతే. మిగతాదంతా నటుడి గొంతులోంచి రావాలి. పద్యం రాని నటుడికి ఏ ప్రాంప్టరూ పద్యం నేర్పలేడు. వచ్చిన నటుడికి, జనం ముందు బుర్ర మొద్దుబారిన ఘడియలో, ఆ ఒక్క ముక్క ప్రాణం పోస్తుంది. ఎక్కువ అందించినా చేటే. నటుడు తెరవైపు చెవి పెట్టి, ఎదుటి పాత్రని వదిలేస్తాడు.

కోచ్ అరవై సెకన్లు ఇలాంటివే. ఆటగాడికి తెలియనిది కొత్తగా చెప్పే టైము లేదు, చెప్పినా బుర్రకెక్కే స్థితి లేదు. తెలిసిన వందలో ఇప్పుడు కావాల్సిన ఒక్కటి ఏరి ఇవ్వడమే పని. హాల్లో ఏసీ గాలి ఎటు తోస్తోందో కుర్చీలోంచి చూసేవాడికి తేలిగ్గా కనబడుతుంది. గాలి వెనకనుంచి తోసే వైపు ఉంటే ఎత్తి కొట్టిన కాక్ గీత దాటిపోతుంది. ఎదురుగా ఉంటే మధ్యలోనే దిగబడుతుంది. మూడో గేమ్‌లో 11 దగ్గర వైపులు మారతాయి కాబట్టి అక్కడ ఆ ఒక్క ముక్క చాలా ఖరీదు. అవతలివాడు సర్వీసు ఎటు వేస్తున్నాడో, ఒకే మూలకి నాలుగుసార్లు కొట్టి ఐదోసారి ఎటు తిప్పుతున్నాడో, ఇలాంటివి ఆడేవాడికన్నా చూసేవాడికి ముందు తెలుస్తాయి. పైగా సాత్విక్ జోడీకి వచ్చిన కోచ్‌లు ఒకరు మలేసియా, ఒకరు ఇండోనేసియా, ఒకరు డెన్మార్క్. ఒకడు తెలుగువాడు, ఒకడు ముంబయివాడు, కోచ్ ఇంకెక్కడివాడో. ఎవరికీ ఇంటిభాష కాని ఇంగ్లీషులో నలభై సెకన్లంటే, ప్రసంగాలు కుదరవు, ముక్కలే కుదురుతాయి. డబుల్స్‌లో అసలు కోచ్ పక్కనున్న భాగస్వామే, ప్రతి పాయింటుకీ మాట్లాడేది వాడే.

రెండో పని భయం తీసుకోవడం. ఇది కొలవడం నాకు చేతకాదు, కానీ లేదనలేను. మా వైపు సంక్రాంతి బరుల్లో (చట్టం సంగతి పక్కన పెట్టండి) పందెం మధ్యలో కోడిని ఎత్తి మొహాన నీళ్ళు చల్లి మళ్ళీ వదిలేవాణ్ణి చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. అతను కోడికి వ్యూహం చెప్పడు. కానీ ఇక్కడ కూడా సరుకు ముందే నిండి ఉండాలి. సింధు కోర్టులో మరీ నెమ్మదిగా ఉంటోందని గోపీచంద్ ప్రాక్టీసులో ఆమెని కోర్టు మధ్యలో నిలబెట్టి, అందరూ చూస్తుండగా, గట్టిగా అరవమన్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది, చివరికి అరిచింది. 2016లో రియోలో ప్రతి పాయింటుకీ మనం విన్న ఆ కేక అక్కడ పుట్టింది. ఫైనల్లో మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాత కరొలినా మారిన్‌కి 12-21, 15-21తో ఓడింది. కుర్చీలో గోపీచంద్ మూడు గేముల్లోనూ ఉన్నాడు, రెండోవైపు కుర్చీలో మారిన్ కోచ్ ఫెర్నాండో రివాస్ కూడా ఉన్నాడు. మనం మర్చిపోయేది ఇదే. కుర్చీలు రెండువైపులా ఉన్నాయి. రెండు మంచి మాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే మిగిలేది రాకెట్లే.

మథియాస్ బో కథలో ఇది బాగా కనబడుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్ డబుల్స్ రజత విజేత, నెట్ దగ్గర ఆటకి పేరున్న డెన్మార్క్ ఎడమచేతివాటం ఆటగాడు. టోక్యో ఒలింపిక్స్‌కి ముందు సాత్విక్, చిరాగ్‌ల దగ్గరకొచ్చాడు. టోక్యోలో మనవాళ్ళు గ్రూపులో మూడింట రెండు గెలిచారు. అందులో ఒకటి, తర్వాత స్వర్ణం గెలిచిన లీ యాంగ్, వాంగ్ చి-లిన్ జోడీ మీద, మూడో గేమ్ 27-25. అయినా గేముల తేడా లెక్కలో క్వార్టర్ ఫైనల్‌కి వెళ్ళలేదు. ఒలింపిక్ చాంపియన్‌ని ఓడించి గ్రూపులోనే ఇంటికి రావడం! ఆ తర్వాత మలేసియా జోడీ ఆరన్ చియా, సో వూయి యిక్. వీళ్ళ చేతిలో మనవాళ్ళు వరసగా ఎనిమిదిసార్లు ఓడారు. తొమ్మిదోసారి, 2023 జూన్‌లో ఇండోనేసియా ఓపెన్ ఫైనల్లో 21-17, 21-18తో గెలిచారు. అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్. 2024 ఆగస్టు 1, పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మళ్ళీ అదే చియా, సో. మొదటి గేమ్ 21-13తో మనది. తర్వాత 14-21, 16-21.

జకార్తాలో గెలిచిన జోడీ, దాన్ని తయారుచేసిన కోచ్, ఎదుట అవే రెండు మొహాలు. ఇండోనేసియాలో బో మేధావి, పారిస్‌లో ఏమయ్యాడు? ఏమీ కాలేదు. ఎనిమిది ఓటముల తర్వాత తొమ్మిదోసారి అలాంటివాళ్ళ మీద గెలవగలిగే స్థితికి ఆ ఇద్దర్నీ తీసుకురావడం అతని పనితనం, అది రెండేళ్ళ ప్రాక్టీసు. ఏ రోజు గెలుస్తారన్నది అతని చేతిలో లేదు. పారిస్ తర్వాత బో కోచింగే వదిలేశాడు. కొత్త కోచ్ కోసం వెతికినప్పుడు తిరిగొచ్చింది టాన్ కిమ్ హర్.

ఇందులో నాకు పట్టింపు ఎక్కడంటే, పేరు పంచుకునే దగ్గర. కెమెరా ఉన్న చోటే కోచింగ్ జరుగుతోందనుకుంటే, కెమెరా లేని చోట జరిగినదంతా లెక్కలోంచి పోతుంది. సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథం గారు అమలాపురంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు, తనూ బ్యాడ్మింటన్ ఆడినవారు. 2014లో పద్నాలుగేళ్ళ కుర్రాడు గోపీచంద్ అకాడమీకి వెళ్ళేసరికి చేతికి రాకెట్ పట్టు, కాలికి అడుగు వచ్చేశాయి. ఆ మొదటి ఏళ్ళు ఏ ప్రసారంలోనూ లేవు. పల్లెటూళ్ళలో ఈ పనంతా చేసేది డ్రిల్లు మాస్టర్లే. నైస్మిత్ ఆటని పుట్టించిన వైఎంసీఏయే 1920లో మద్రాసులో హెచ్.సి. బక్ చేత వ్యాయామ విద్య కాలేజీ పెట్టించింది. బడిలో ఆట నేర్పడానికి ఒక మాస్టారు ఉండాలి, ఆయనకీ ఒక చదువుండాలి అన్న ఆలోచన మన వైపుకి వచ్చింది అలా. ఇప్పుడు స్కూళ్ళు గ్రౌండు లేకుండానే అనుమతి తెచ్చుకుంటున్నాయి. వాటిల్లో చదివే పిల్లలకి కోచ్ అంటే టీవీలో విరామంలో చేతులు తిప్పే మనిషి.

మా హైస్కూల్లో బాస్కెట్‌బాల్ లేదు, వాలీబాల్ ఉండేది. రెండు జట్లకీ నేర్పింది ఒకే డ్రిల్లు మాస్టారు, మ్యాచ్‌కి రిఫరీ కూడా ఆయనే. సాయంత్రాలు సర్వీసు ఎలా ఎత్తాలో, బ్లాకుకి ఎప్పుడు లేవాలో విసుగు లేకుండా వందసార్లు చెప్పేవాడు. పోటీ రోజు మాత్రం ఎవరెంత దిక్కులు చూసినా ఒక్క ముక్క అనేవాడు కాదు. నోట్లో విజిల్ ఉండేది.